సీట్లు వద్దన్న బిషప్ అజరయ్య

ఇంగ్లీషులో మినిస్టర్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ప్రభుత్వంలో మంత్రిని మినిస్టర్ అంటారు. చర్చిలో ప్రార్థన చేయించే పాదిరిని కూడా మినిస్టర్ అనే అంటారు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం సేవకుడు. ఉర్దూలో మనం ఖాదిమ్ అనేది అటువంటివాణ్ణే. వినడానికి రెండు పదవులూ వేరువేరు దారులుగా కనిపించినా, పేరు పెట్టినవాళ్లు ఇద్దరి మీదా పెట్టిన బాధ్యత ఒక్కటే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918కీ, రెండవది మొదలైన 1939కీ నడుమ మద్రాసు రాష్ట్రంలో ఈ రెండు రకాల మినిస్టర్లూ జనం నోళ్లలో బాగా నానారు. 1920 ఎన్నికలతో తొలిసారిగా మన దేశస్థులు మంత్రులయ్యారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు వంటి కొన్ని శాఖలు వారి చేతికి వచ్చాయి. పోలీసు, రెవిన్యూ వంటివి గవర్నరు వద్దనే ఉండిపోయాయి. చిత్తూరులో వకీలుగా పేరు తెచ్చుకున్న బొల్లిని మునుస్వామి నాయుడుగారు 1930 నుంచి 1932 వరకు ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేశారు. 1937లో రాజాజీ ఏర్పరచిన మంత్రివర్గంలో యాకూబ్ హసన్ సేఠ్ సాహెబ్ పబ్లిక్ వర్క్స్ మంత్రి అయ్యారు. ఖిలాఫత్ ఉద్యమ కాలంలో జైలుకు వెళ్లివచ్చిన పెద్దమనిషి ఆయన. మంత్రుల సంగతి అలా ఉండగా, అదే కాలంలో ఏ శాసనసభలోనూ కూర్చోని ఒక చర్చి పెద్ద మాట మద్రాసులోనూ, హైదరాబాదులోనూ, లండన్‌లోనూ వినబడింది. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయకం సామ్యేల్ అజరయ్య.

మన పేజీలో ఒక క్రైస్తవ మతాధిపతి జీవితం ఎందుకని పాఠకులు అడగవచ్చు. సంఖ్యలో తక్కువగా ఉన్న ఒక సమాజం పెద్ద సమాజం నడుమ ఎలా బతకాలి, ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ఏం అడగకూడదు అనే ప్రశ్న ఆయనను జీవితమంతా వెంటాడింది. ఆ ప్రశ్న మన పెద్దలనూ వెంటాడింది. ఆయన చెప్పుకున్న జవాబు మన పెద్దలు చెప్పుకున్న జవాబు కంటే వేరు. అందుకే తెలుసుకోదగినది.

తిరునల్వేలి పిల్లవాడు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి ఆంగ్లికన్ చర్చి పాదిరి. తల్లి పేరు ఎలెన్. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో నాడార్లకు గుడిలోకి ప్రవేశం లేదు. తాటిచెట్లెక్కి కల్లు గీసేవారని పై కులాలవారు వారిని దూరంగా ఉంచేవారు. అటువంటి కుటుంబం నుంచి వచ్చిన తండ్రి చదువుకుని, క్రైస్తవుడై, పాదిరి అయ్యాడు. చాలాకాలం ఎదురుచూసిన తర్వాత పుట్టిన కొడుకు కనుక తల్లిదండ్రులు అతనికి సామ్యేల్ అని పేరు పెట్టుకున్నారు. మనం షమూయీల్ అని పిలిచే ప్రవక్త పేరే అది.

బాల్యం దాటకముందే తండ్రి పోయారు. తల్లి క్రమశిక్షణలో, మిషన్ బడుల్లో చదువు సాగింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరినా, డిగ్రీ చేతికి రాకుండానే బయటికి వచ్చారు. డిగ్రీ లేని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన మన పిల్లలకు ఈ సంగతి చెప్పవలసి ఉంది.

కాలేజీ వదిలాక 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలి తరంవారిలో ఆమె ఒకరు. ఆ పెళ్లి కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా జరిగింది. జహేజ్ పేరిట ఆడపిల్లల తండ్రులు అప్పులపాలవుతున్న మన ఊళ్లలో ఇది గమనించదగిన విషయం. నూటపాతికేళ్ల క్రిందట ఒక యువకుడు చేయగలిగిన పనిని ఈనాటి చదువుకున్న యువకులు ఎందుకు చేయలేకపోతున్నారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో దూరప్రాంతాలకు బోధకులను పంపుతున్నారు. తిరునల్వేలిలో అంతకంటే పెద్ద సంఖ్యలో క్రైస్తవులున్నా అటువంటి పని ఏదీ లేదు. తెల్లదొరలు డబ్బు పంపితే పని, లేకపోతే లేదు. తిరిగివచ్చిన మరుసటి ఏడాది, 1903లో, అజరయ్య తన మిత్రులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. డబ్బు మన దేశానిది, మనుషులు మన దేశస్థులు, నిర్వహణ మన చేతుల్లో ఉండాలనేది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాలులోని సీరాంపూర్‌లో ఇదే పద్ధతిలో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని స్థాపకుల్లోనూ ఆయన ఉన్నారు. స్వదేశీ ఉద్యమం బెంగాలును ఊపేస్తున్న సంవత్సరం అది. బట్టల విషయంలో దేశం ఏమంటున్నదో, చర్చి విషయంలో వీరు దాన్నే ఆచరించారు.

తెలుగు నేలకు

తిరునల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇప్పుడది తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పుడది వరంగల్ వైపు అడవుల నడుమ ఒక రైల్వే జంక్షన్. 1909లో అజరయ్య పాదిరిగా దీక్ష పొంది, భార్యాబిడ్డలతో అక్కడికి కాపురం వచ్చారు. మొదట్లో గుడారంలో నివసించారు. ముప్పయ్యయిదేళ్ల వయస్సులో తెలుగు నేర్చుకున్నారు.

కుప్పంవారికి ఇందులో వింత కనిపించకపోవచ్చు. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే అంగడిలో వినిపించే ఊరు అది. మన ఇళ్లలో వాటికి తోడు దక్కనీ ఉర్దూ కూడా ఉంటుంది. కానీ పుట్టుకతో చుట్టూ వినిపించే భాషను పలకడం వేరు. నడివయస్సులో కొత్త భాష పట్టుకుని, ఆ భాషలో మాల మాదిగ పల్లెల్లో కూర్చుని, వాళ్ల కష్టసుఖాలు విని, వాళ్లకు అర్థమయ్యేలా బోధించడం వేరు. ఆయన బిషప్ అయ్యాక కూడా ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరుగుతూనే ఉన్నారు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాసులు 20 మందికి లోపే. ఆ సభలో అజరయ్య లేచి తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక చేదు నిజం చెప్పారు. మీరు మా దేశానికి మీ ధనం తెచ్చారు, మీ ప్రాణాలూ ధారపోశారు, అందుకు మా తరాలు మీకు కృతజ్ఞతగా ఉంటాయి, కానీ మమ్మల్ని సమానులుగా చూసి మీ ఇంట భోజనానికి పిలిచినవారు ఎందరు, మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారాంశం. సభలో కొందరు నొచ్చుకున్నారు. కొందరు సిగ్గుపడ్డారు. కొత్తగా దీక్ష తీసుకున్న ఒక నల్ల పాదిరి తనకు అన్నం పెట్టేవారి ముందు అంత మాట అనడం చిన్న ధైర్యం కాదు.

రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి వయస్సు 38. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఆయన పేరును ముందుకు తెచ్చారు. వ్యతిరేకతకు కొదవ లేదు. నల్లవాడి ముందు తెల్ల పాదిరులు ఎలా తలవంచుతారని కొందరు యూరోపియన్లు అడిగారు. నాడార్ కులస్థుడి చేతి దీవెన ఎలా తీసుకుంటామని పై కులాల నుంచి చర్చిలో చేరినవారు కొందరు గొణిగారు. మతం మారినా కులం మారని మనుషులు ఎక్కడైనా ఉంటారు. 1945లో ఆయన చనిపోయే వరకు ఒక మండలానికి పూర్తి అధికారంతో బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆ చర్చిలో మరొకరు లేరు. దీనినిబట్టి ఆ తలుపు ఎంత బిగించి ఉండేదో తెలుస్తుంది.

నాలుగు శత్రువులు

మొదట చిన్నదిగా ఉన్న దోర్నకల్ మండలం క్రమేణా కృష్ణా, గోదావరి ప్రాంతాల నుంచి కర్నూలు, నంద్యాల వైపు వరకు విస్తరించింది. ఆయన ఇల్లు నిజాం రాజ్యంలో ఉండేది. ఆయన మందలో పెద్ద భాగం బ్రిటిష్ మద్రాసులో ఉండేది. రెండు ప్రభుత్వాలతో, రెండు రకాల కచేరీలతో వ్యవహరించవలసి వచ్చేది. ఒకచోట ఉర్దూ ఫర్మానా, మరోచోట ఇంగ్లీషు ఉత్తర్వు.

చర్చిలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఆయన హయాములో వారి సంఖ్య రెండు లక్షలు దాటింది. 1930ల మధ్యనాటికి సుమారు 250 మంది దేశీయ పాదిరులు, రెండువేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఆయన కింద పనిచేసేవారు. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనేవి పల్లెకు నాలుగు శత్రువులని ఆయన చెప్పేవారు. వాటి మీద బోధ ఒక్కటే చాలదని బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయాలు నడిపారు. షావుకారు దగ్గర చెప్పు కుట్టే ఉలిని కూడా తాకట్టు పెట్టిన మనిషికి సహకార సంఘంలో అప్పు దొరికిందంటే అది ఎంత పెద్ద విడుదలో పల్లెటూరి పాఠకులకు వివరించనక్కర్లేదు.

బీదవారే కదా, వారి దగ్గర ఏం తీసుకుంటామని ఆయన అనలేదు. ఇవ్వడం నేర్చుకోని మనిషి చేయి చాపడం మానడని ఆయన నమ్మకం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, వారానికోసారి సంఘానికి ఇచ్చే పద్ధతిని ప్రోత్సహించారు. దానధర్మాల మీద ప్రత్యేకించి ఒక పుస్తకమే రాశారు. మదరసాల కోసం ఇళ్లలో ఇలాగే పిడికెడు తీసిపెట్టే అలవాటు మన వాళ్లలోనూ చాలాచోట్ల ఉంది. ఆ పిడికెడులో ఉన్న ఆత్మగౌరవం దొరలు పంపే చెక్కులో ఉండదు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ పని పాతికేళ్ల దాకా సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. చూసినవారికి అది లండన్ చర్చిని గుర్తుచేయదు. గుంబజులు, మినార్లు మన మసీదులను తలపిస్తాయి. స్తంభాలు, వాటి మీది తామరపూలు దేవాలయాలను తలపిస్తాయి. ఈ నేల మీద పుట్టిన ప్రార్థనామందిరం ఈ నేల శిల్పుల పనితనంతోనే నిలవాలని ఆయన కోరుకున్నారు.

చీలికల చర్చి, మదనపల్లె సంగతి

ఇక్కడ మన ఊళ్ల ప్రసక్తి వస్తుంది. మదనపల్లె, పుంగనూరు అజరయ్య మండలంలోనివి కావు. ఇక్కడి చర్చిలు అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషన్‌వారివి. పక్క జిల్లాకు వెళితే ఇంగ్లండువారి చర్చి, ఇంకో పక్కకు వెళితే మరో దేశంవారిది. ఒకరి చర్చిలో దీక్ష పొందినవాడు పని కోసం వేరే ఊరు వెళితే అక్కడ వేరే చర్చివారికి పరాయివాడు. యూరప్‌లో నాలుగువందల ఏళ్ల క్రితం జరిగిన కొట్లాటల్ని మన రైతుకూలీ ఎందుకు మోయాలి అన్నది అజరయ్య ప్రశ్న.

వైద్యంలో ఈ గోడలు కొంత ముందుగానే కూలాయి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రిని అనేక మిషన్లు కలిసి నిర్మించాయి. 1915లో అది పని మొదలుపెట్టింది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధిపతి. ఏ చర్చివాడు, ఏ మతంవాడు అని రోగి ఊపిరితిత్తులు అడగవు కనుక అక్కడ కలవడం సులువైంది. ప్రార్థన దగ్గర కలవడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ చర్చిల పాదిరులు సమావేశమయ్యారు. 33 మందిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. సమావేశం పిలిచినవారిలో అజరయ్య ముఖ్యులు. చీలికలను మనం కల్పించలేదు, వాటిని ఇక మనం మోయలేమని వారు ప్రకటించారు. ఆనాటి నుంచి చర్చలు 28 ఏళ్లు నడిచాయి. ఎవరి బిషప్ ఎవరికి పెద్ద, ఎవరి దీక్ష ఎవరికి చెల్లుతుంది వంటి విషయాల మీద వాదోపవాదాలు సాగాయి. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., అవతరించింది. ఆర్కాటు మిషన్ చర్చిలు కూడా అందులో కలిశాయి. దానికోసం అంతగా పాటుపడ్డ అజరయ్య చూడటానికి లేరు. అందులో చేరని చర్చిలూ ఉన్నాయి. ఆయన మండలంలోదే అయిన నంద్యాల ప్రాంతంలో చాలామంది అప్పట్లో వేరుగా ఉండిపోయారు. ఐక్యత అనేది ఒక తీర్మానంతో పూర్తయ్యే పని కాదని దీనివల్ల తెలుస్తుంది.

1932 నాటి పరీక్ష

ఇక ఆయన జీవితంలో మనం నిలిచి ఆలోచించవలసిన ఘట్టం. 1932 ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని రామ్సే మాక్డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించారు. ఏ మతంవారికి శాసనసభల్లో ఎన్ని సీట్లు, ఎవరికి వేరే ఓటరు జాబితా అన్నది అందులో నిర్ణయించారు. మద్రాసు శాసనసభకు 215 సీట్లు. అందులో ముస్లింలకు 29, భారతీయ క్రైస్తవులకు 9. ముస్లిం సీటుకు ముస్లింలే ఓటు వేస్తారు. క్రైస్తవ సీటుకు క్రైస్తవులే వేస్తారు. ముస్లింలకు ఈ ప్రత్యేక నియోజకవర్గాలు 1909 నుంచే ఉన్నాయి. మద్రాసు క్రైస్తవులకూ 1919 చట్టంతో వచ్చాయి.

రెండు లక్షలమంది విశ్వాసుల పెద్దగా అజరయ్య దీన్ని స్వాగతించి ఉండాలి. సీట్లు ఎక్కువ కావాలని అడిగి ఉండాలి. ఆయన దీన్ని వ్యతిరేకించారు. పత్రికల్లో రాశారు. ఆయన వాదనను మా మాటల్లో చెబితే ఇది. చర్చి అనేది ఏ కులం నుంచైనా, ఏ భాష నుంచైనా మనుషులు వచ్చి చేరే సమాజం. దానికి వేరే ఓటరు జాబితా కట్టిన రోజున అది దేశంలోని కులాలకు తోడు ఇంకో కులంగా మారుతుంది. ఒక మనిషి బాప్తిస్మం తీసుకుంటే అతని ఆత్మ సంగతి వెనక్కిపోయి, ఏ జాబితాలో ఒక ఓటు తగ్గింది, ఏ జాబితాలో ఒకటి పెరిగింది అన్న లెక్క ముందుకు వస్తుంది. పొరుగువాడు తనను అనుమానంగా చూస్తాడు. క్రైస్తవుడు శాసనసభకు వెళ్లాలంటే పొరుగున ఉన్న హిందువు, ముస్లిము నమ్మకాన్ని సంపాదించి, వారి ఓటుతోనే వెళ్లాలి.

ప్రభుత్వం నుంచి దూరంగా ఉండటం ఆయనకు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం కలకత్తా, మద్రాసు, బొంబాయి బిషప్పులకు ఖజానా నుంచి జీతాలిచ్చేది. దోర్నకల్ బిషప్ పదవి ఆ కోవలోనిది కాదు. 1927లో చట్టం చేసి, 1930 నుంచి భారతదేశంలోని ఆంగ్లికన్ చర్చిని ఇంగ్లండు చర్చి నుంచి వేరు చేశారు. ఏలినవారి చర్చి అన్న ముద్ర ఎంత త్వరగా పోతే అంత మంచిదని కోరుకున్నవారిలో అజరయ్య ఉన్నారు.

ఇంతా చేసి ఆయనకు కాంగ్రెసువారి మెప్పు దక్కిందా అంటే లేదు. 1935 అక్టోబరులో యేవలాలో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. దేశమంతా మతమార్పిడి చర్చ రేగింది. పేద హరిజనుడికి మతసిద్ధాంతాలు తూచి చూసే శక్తి లేదని, బోధకులు అతని జోలికి పోకూడదని గాంధీజీ తన పత్రికలో రాశారు. దోర్నకల్ మండలంలో జరుగుతున్న సామూహిక మతమార్పిడులు ఆయన విమర్శకు గురయ్యాయి. అజరయ్య దీనికి దృఢంగా ఎదురు నిలిచారు. పేదవాడికి ఆకలి ఉన్నట్లే ఆత్మ కూడా ఉంటుందని, దేవుడి గురించి ఆలోచించే హక్కు చదువుకున్న ధనవంతుడిది మాత్రమే అనడం ఆ పేదవాణ్ణి మరోసారి అంటరానివాణ్ణి చేయడమేనని ఆయన వాదన. ఎరచూపి మతంలోకి లాగడాన్ని ఆయన కూడా తప్పే అన్నారు. పిలిచే హక్కును మాత్రం వదులుకోలేదు.

ఆ విధంగా ఆయన ఎవరి పక్షమూ పూర్తిగా కాలేకపోయారు. ప్రభుత్వం ఇస్తానన్నదాన్ని వద్దన్నారు, గాంధీజీ వదులుకోమన్నదాన్ని వదలనన్నారు. సీటు లేకపోయినా మాకు పరవాలేదు, మా మాట చెప్పుకునే స్వేచ్ఛ లేకపోతే మేము లేనట్లే అన్నది ఆయన వైఖరి.

న్యాయంగా చెప్పవలసిన మాటలు

ఆయనలో లోపాలు లేవని చెప్పడానికి మేము ఇది రాయడం లేదు. స్వాతంత్ర్యోద్యమంలో ఆయన జైలుకు వెళ్లలేదు. ఆ రోజుల్లో దేశభక్తులు ఆయనను తెల్లవారి మనిషిగానే చూశారు. చర్చిలోకి వచ్చిన మాల, మాదిగల నడుమ పాత దూరాలు చాలాచోట్ల అలాగే మిగిలిపోయాయి. పంక్తి భోజనాల దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర అవి బయటపడేవి. కులాన్ని జీవితమంతా ఎదిరించిన మనిషి మండలంలోనే అది పూర్తిగా చావలేదు.

అలాగే ప్రత్యేక నియోజకవర్గాలు అడిగిన మన పెద్దలందరూ స్వార్థపరులని అనడం కూడా అన్యాయం. అకల్లియత్‌గా ఉన్నవాడికి, తన ఓటు లేకుండానే అందరూ గెలిచిపోతారేమో, తన గోడు చెప్పే నోరు సభలో ఉండదేమో అన్న భయం ఊరికే పుట్టదు. చిత్తూరు జిల్లా పల్లెల్లో పది ఇళ్లున్న ముస్లిం వాడలో కూర్చుని ఆలోచిస్తే ఆ భయం అర్థమవుతుంది. అజరయ్య ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు. అయితే దానికి మందు వేరే జాబితాలో లేదని, పొరుగువాడి నమ్మకంలో ఉందని ఆయన భావించారు. పొరుగువాడు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడం కూడా సగం బాధ్యత అన్న మాటను దీనికి జోడించడం అవసరం. ఒక చేతితో చప్పట్లు మోగవు.

ఆ తర్వాత

1944 చివరి వరకు ఆయన పల్లెల పర్యటనలు ఆపలేదు. జ్వరంతో ఇంటికి చేరి, 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. అక్కడే ఆయన సమాధి ఉంది. విజయవాడలో ఆయన పేరుతో ఆడపిల్లల ఉన్నత పాఠశాల ఉంది.

ఆయన పోయిన కొద్ది ఏళ్లకే రాజ్యాంగ సభలో ఆయన జీవితకాలపు రెండు ప్రశ్నలూ చర్చకు వచ్చాయి. మతప్రాతిపదికన సీట్లు ఉండాలా వద్దా అన్నది ఒకటి. మద్రాసుకు చెందిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగించాలని వాదించారు. బేగం ఐజాజ్ రసూల్ ముస్లింలకు రిజర్వుడు సీట్లు వద్దని నిలబడ్డారు. బెంగాలీ క్రైస్తవుడైన హెచ్.సి. ముఖర్జీ కూడా తమవారికి సీట్లు వద్దన్నారు. 1949 మే నెలలో మతం పేరిట సీట్ల కేటాయింపు రద్దయింది. రెండవది, మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు. ఆ మాటను తొలగించాలని కొందరు పట్టుబట్టినా, 25వ అధికరణంలో అది నిలిచింది. 1950 జనవరి 26 నుంచి నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి ప్రతి ఒక్కరికీ హక్కు ఉంది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులకు అది లోబడి ఉంటుంది. క్రైస్తవుడి సువార్తకైనా, మన దావత్‌కైనా, గుడిలో హరికథకైనా చట్టం ఒక్కటే. ఇదంతా అజరయ్య వల్లనే వచ్చిందని మేము అనం. కానీ 1930లలో ఇటూ అటూ అందరి చేతా మాటలు పడుతూ ఆయన నిలబడ్డ చోటికే దేశం కూడా వచ్చి చేరిందని చెప్పవచ్చు.

ఒక్క సంగతిలో మాత్రం ఆయన మందకు న్యాయం జరగలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు అందులో చేరలేదు. చర్చిలోకి వచ్చిన మాల మాదిగల మనుమలు, ముస్లింలలో చెత్త ఎత్తే పని, పాకీ పని చేసే కుటుంబాలవారు ఈ విషయంలో ఒకే గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. అక్కడ వారు ఒకరికొకరు పరాయివారు కారు.

మంత్రులు ఆయన కాలంలో చాలామంది వచ్చారు, పోయారు. మునుస్వామి నాయుడుగారిని సొంత పార్టీలోని జమీందార్లే తిరగబడి 1932 నవంబరులో దింపారు. రాజాజీ మంత్రివర్గం 1939లో యుద్ధం పేరిట రాజీనామా చేసింది. పదవి ఇచ్చినవాడు తీసుకోగలడు. పల్లె జనం ఇచ్చిన పిడికెడు బియ్యాన్ని మాత్రం ఏ గవర్నరూ తిరిగి తీసుకోలేడు. మన ఊళ్లలో మసీదు కమిటీలకు, సంఘాలకు పెద్దలుగా నిలబడేవారు ఎన్నికలప్పుడు ఏ పార్టీ ఎంత ఇస్తుందని లెక్కలు వేసుకునే ముందు ఈ బిషప్ జీవితాన్ని ఒకసారి చదవాలి. తమ వెనుక ఎన్ని ఓట్లున్నాయో చెప్పుకోవడం కంటే, తమ వీధిలో ఎన్ని ఇళ్ల అప్పు తీరింది, ఎందరు ఆడపిల్లలు బడికి వెళ్లారు, పక్క వీధి హిందువు, క్రైస్తవుడు తమ గుమ్మం తొక్కడానికి జంకకుండా వస్తున్నారా అని చూసుకోవడం మేలు. ఖాదిమ్ అనిపించుకోవడానికి ఆ లెక్క సరిపోతుంది.